గదా

చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ ఆఫీసు.
పొద్దున తుడిచిన బల్ల మీద
పదకొండుకల్లా వేలితో పేరు రాయొచ్చు.
నా పని జర్మనీ ఉత్తరాలు చదివి
మాలకొండయ్యగారికి చెప్పడం.
"ఏమంటన్నాడమ్మా?" అంటాడాయన.
ఏమన్నాడో చెప్పడం తేలిక.
ఎట్టా అన్నాడో చెప్పాలంటే
ఈ జీతం చాలదు.

నెల్లూరులో నర్సు పిల్లల బ్యాచీలో
వెనక బెంచీ మీద నేర్చుకున్న భాష.
నొప్పి ఎక్కడని అడగడం వాళ్లు నేర్చుకున్నారు,
టన్ను ఎంతని నేను.
'మీరు'కు వాళ్ల మాట జీ.
హిందీ జీ కాదు గానీ, వంగే నడుము ఒకటే.
రాసేటప్పుడు మొదటి అక్షరం పెద్దది పెట్టాలి.
చిన్నది పడిందా, 'మీరు' కాస్తా 'వాళ్లు' అవుతుంది,
ఎదురుగా కూచున్న మనిషి లేచిపోయి
గుంపులో కలిసిపోతాడు.
మన అక్షరాలకు ఆ పెద్దా చిన్నా లేవు,
అన్నీ ఒకే బంతిలో కూచుంటాయి.
మన మర్యాదంతా క్రియ తోకలో.

బ్రింక్‌మన్ అని, సమాధి రాళ్ల వ్యాపారి.
బంగారు చుక్కల నల్లరాయి
ఏడేళ్లుగా మా దగ్గరే కొంటాడు.
'మిక్కిలి గౌరవనీయులైన ఫ్రావ్ గుండవరపు' అని మొదలెడతాడు.
రేషన్ కార్డులో తప్ప ఎవరూ పలకని ఇంటిపేరు
ఆ కాయితంలో ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడుతుంది.

ఒకసారి రేవులో కంటెయినర్లు చిక్కుకున్నాయి.
'మీరు మాట ఇచ్చారు' అని రాశాడు,
మధ్యలో డోఖ్ అని ఒక ముక్క.
నిఘంటువులో దానికి అర పేజీ ఉంది, అర్థం లేదు.
"తిట్టాడా?"
"లేదండీ. ఇచ్చారు గదా, అన్నాడు."
మాలకొండయ్యగారు కుర్చీలోంచి లేచాడు.
"గదా అన్నాడా! అయితే తప్పు మనదే."
తీసి చూస్తే అందులో ఏమీ లేదు.
తీసేస్తే మిగిలేది కోర్టు నోటీసు.

వాళ్ల మాటల్లో నాకు నచ్చింది ఫ్రావ్.
పెళ్లయిందా, కాలేదా, ఉన్నాడా, పోయాడా,
ఏదీ అడగదు.
మా ఆయన పోయిన నెలకు మేనమామ కవరొచ్చింది.
నా పేరుకు ముందు గం.భా.
మొన్నటిదాకా అక్కడ ల.సౌ. ఉండేది.
వీధి మొగలోనే కేకేసే పోస్టుమ్యాన్ వెంగయ్య
ఆ రోజు గడప మీద పెట్టి, కళ్లు దించుకుని పోయాడు.
మామ మంచోడే. పద్ధతి ప్రకారం రాశాడు.
ఆ వారమే బ్రింక్‌మన్ ఉత్తరం: ఫ్రావ్ గుండవరపు.
చుక్క కూడా మారలేదు.
ఆయనకు తెలియదు, నిజమే.
అయినా.

పోయిన శుక్రవారం ఆర్డరు వచ్చింది.
ఎప్పుడూ నలభై. ఈసారి ఒకటి.
చెక్కాల్సిన మాటలు కింద రాశాడు:
ఒక ఆడమనిషి పేరు, రెండు సంవత్సరాలు,
ఆపైన 'నువ్వు లేవు' లాంటి రెండు మాటలు.
డూ.
ఏడేళ్లలో ఆయన రాయగా చూసిన మొదటి నువ్వు.
పరాయివాళ్ల పడగ్గది తలుపు పొరపాటున తోసినట్టయి
కళ్లు దించుకున్నాను,
వెంగయ్యలాగా.
చివర ఎప్పుడూ ఉండే 'స్నేహపూర్వక నమస్కారాలు' లేవు.
'మీ బ్రింక్‌మన్.'
పెద్దక్షరం మీ.

"ఏమంటన్నాడమ్మా?"
"ఒకటే రాయి అంటన్నాడండీ."
"అయితే ఒకదానికి రేటు రాయి."

రేటు వేరే కాయితంలో రాశాను.
మొదటి కాయితంలో 'మిక్కిలి గౌరవనీయులైన' కొట్టేసి
'ప్రియమైన' అని పెట్టాను.
అది కొట్టేసి మళ్లీ గౌరవం.
మళ్లీ ప్రియం.
బయట రంపం కోస్తానే ఉంది, నీళ్లు పోస్తానే ఉన్నారు.
పరామర్శకు వాళ్ల దగ్గర అచ్చేసిన కార్డు లాంటి మాటుంది,
అది వద్దనిపించింది.
'రాయి నేనే దగ్గరుండి ఏరతాను' అని రాసి,
ఎక్కడ ఇముడుతుందో తెలియక
నడుమ ఒక డోఖ్ పెట్టాను.
తప్పే అయ్యుంటుంది.
చదివి నవ్వుకుంటాడేమో,
నవ్వుకోనీ.